ఫిరౌన్ అడిగిన గడువు

యాదగిరిగుట్టలో మా ఇల్లు కొండ దిగువన, బస్సులు తిరిగే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. ఫజ్ర్ నమాజుకు లేచేసరికి గుట్ట మీది మైకులో సుప్రభాతం వినిపిస్తూ ఉంటుంది. మొహర్రం నెల మొదటి వారంలో ఒక సాయంత్రం, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి బడి నుంచి వస్తూనే సంచీ పక్కన పడేసి ఒక ప్రశ్న వేసింది.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినే వేళ స్నేహితురాలు ఆమెకు గుట్ట కథ చెప్పిందట. తానే దేవుణ్ణని చాటించుకున్న ఒక రాజు, కన్నకొడుకు నోట తనది కాని దైవనామం వినలేక ఆ పసివాణ్ణి చంపించబోయిన కథ. బదులుగా మా అమ్మాయి మక్తబ్‌లో నేర్చుకున్న ఫిరౌన్ కథ చెప్పింది. నీళ్ళు నెత్తురైన సంగతి, ఇళ్ళ నిండా కప్పలు చేరిన సంగతి, మిడతలు పొలాలను మేసిన సంగతి. అంతా విని ఆ పిల్ల అడిగిందట: “ఇన్ని చూసినంక గూడ మీ రాజు ఎందుకు నమ్మలే?” మా అమ్మాయికి జవాబు తోచలేదు. “అబ్బా, నిజంగానే ఎందుకు నమ్మలేదు?” అని నన్నడిగింది.

నాకూ తోచలేదు. “రేపు చెబుతానమ్మా” అన్నాను.

“వాడికి అహంకారం” అని అప్పుడే అనేసి ఊరుకోవచ్చు. పెద్దలం పిల్లలకు ఇచ్చే జవాబులు చాలావరకు అలాంటివే. ప్రశ్నకు ఒక పేరు తగిలించి పంపేస్తాం. కానీ పక్కింటి బిడ్డ అడిగిన ప్రశ్న కనుక కొంచెం జాగ్రత్తగా చెప్పాలనిపించింది. గుట్ట కథ మనకు ధర్మగ్రంథం కాదు. అందులోని దైవభావనకూ మన తౌహీద్ విశ్వాసానికీ ఉన్న అంతరం ఇరువురికీ తెలిసినదే. అయినా దేవుని ఎదుట ధిక్కరించి నిలబడిన రాజు అంటే ఏమిటో ఈ ఊళ్ళో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ రాత్రి ఇషా తరువాత దివ్యఖుర్ఆన్ అనువాదాన్నీ, దాని పక్కన బైబిలు పాత నిబంధనలోని నిర్గమకాండాన్నీ తెరిచి కూర్చున్నాను.

నేటి నిర్గమకాండమే మూసా (అలైహిస్సలాం)పై అవతరించిన తౌరాత్ అని మనం అనం. మానవ హస్తాలు అందులో మార్పులు చేశాయని మన విశ్వాసం. ఖుర్ఆన్‌తో ఏకీభవించిన చోట దాన్ని అంగీకరిస్తాం, విభేదించిన చోట ఖుర్ఆన్‌నే గీటురాయిగా తీసుకుంటాం. ఖుర్ఆన్ మౌనం వహించిన చోట గ్రంథ ప్రజల మాటను నిజమనీ అనవద్దు, అబద్ధమనీ అనవద్దు అని మహాప్రవక్త (సఅసం) బోధించారు. ఆ మర్యాదతోనే చదివాను.

మొదట పేరు విషయం. ఫిరౌన్ అన్నది ఒక మనిషి పేరు కాదు, ఈజిప్టు రాజుల బిరుదు. ఆ దేశపు ప్రాచీన భాషలో ‘పెద్ద ఇల్లు’ అనే అర్థం గల మాట నుంచి అది పుట్టింది. మన నల్లగొండ పల్లెల్లో ‘గడీ పిలిచింది’ అంటే దొర పిలిచాడని అర్థమైనట్టే, అక్కడ పెద్ద ఇల్లు అంటే రాజు. ఆ రాజు సొంత పేరు ఏమిటో తౌరాతూ చెప్పలేదు, ఖుర్ఆనూ చెప్పలేదు. ఫలానా మ్యూజియంలో ఉన్న ఫలానా శవమే అతడు అని మనవాళ్ళు కొందరు ఎంతో నమ్మకంగా చెబుతూ ఉంటారు. 1896లో తీబ్స్ శిథిలాల్లో దొరికిన మెర్నెప్తా శిలాశాసనంలో ఇస్రాయీల్ పేరు ఉన్న మాట నిజమే. కానీ సముద్రంలో మునిగినవాడు ఇతడే అని అందులో లేదు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో నిజాం కాలంలో వచ్చిన ఒక ఈజిప్టు యువతి మమ్మీ ఉంది. మా అమ్మాయి దాన్ని చూసి వచ్చినప్పటి నుంచీ ఆమె ఫిరౌన్ కూతురేనా అని అడుగుతూనే ఉంది. అల్లాహ్ పేరు దాచిన చోట మనం పేరు వెతకడంలో పెద్ద లాభం ఉన్నట్టు నాకు కనిపించదు. పేరు లేకపోవడం వల్లనే అతడు ప్రతి కాలానికీ గుర్తు పట్టగలిగేవాడుగా ఉన్నాడు.

మూసా, హారూన్ (అలైహిముస్సలాం) మొదటిసారి దర్బారుకు వచ్చి ఇస్రాయీల్ సంతతిని విడిచిపెట్టమని దేవుని పక్షాన అడిగినప్పుడు, ఎవరా దేవుడు, అతని మాట నేనెందుకు వినాలి, నేనెరుగను అన్నాడు ఫిరౌన్. అది నిర్గమకాండం అయిదవ అధ్యాయం. అక్కడితో ఆగలేదు. అదే రోజు ఒక ఉత్తరువు ఇచ్చాడు. ఇటుకలు చేసే ఆ బానిసలకు ఇక గడ్డి ఇవ్వవద్దు, వాళ్ళే ఏరుకోవాలి, కానీ ఇటుకల లెక్క ఒక్కటి కూడా తగ్గరాదు.

మట్టిగోడ పెట్టిన ఇళ్ళలో పుట్టినవారికి ఈ శిక్ష లోతు తెలుస్తుంది. మట్టిలో గడ్డిగానీ ఊకగానీ వేసి తొక్కితేనే అది పట్టు నిలుస్తుంది, ఆరేటప్పుడు పగలదు. గడ్డి లేకుండా అదే లెక్క ఇటుకలు అడగడమంటే పగలంతా పొలాల్లో కొయ్యకాళ్ళు ఏరి, రాత్రంతా మట్టి తొక్కమనడం. లెక్క తగ్గినప్పుడు రాజభటులు ఇస్రాయీల్ వారిలోంచే నియమించిన మేస్త్రీలను కొట్టారు. ఆ మేస్త్రీలు వచ్చి మొరపెట్టుకుంటే, మీరు సోమరులు, పని లేకే ఆరాధనలంటున్నారు అన్నాడు. దేవుణ్ణి ఎరుగనన్న మాట వెంటనే కూలివాని వీపు మీద ఎలా పడిందో చూడండి. ఖుర్ఆన్‌లోనూ ఇటుకే కనిపిస్తుంది. మట్టిని కాల్చి ఇటుకలు చేసి ఎత్తైన కట్టడం కట్టించు, మూసా దేవుణ్ణి ఎక్కి చూస్తాను అని అతడు హామాన్‌ను ఆజ్ఞాపించాడు (28:38).

అహంకారం అంటే ఏమిటో మహాప్రవక్త (సఅసం) రెండు మాటల్లో వివరించారు: సత్యాన్ని తోసిపుచ్చడం, మనుషులను చిన్నచూపు చూడడం. మొదటిదాన్ని మనం ఫిరౌన్‌కు అంటగట్టి మరచిపోతాం. రెండవది మన నేల మీద బాగా ఎరిగినదే.

మా తాతగారి తరం వాళ్ళు ‘వెట్టి’ అన్న మాట పలికేటప్పుడు గొంతు తగ్గించేవారు. కుండలు చేసేవాడు గడీకి కుండలు ఊరికే ఇవ్వాలి, చాకలి బట్టలు ఊరికే ఉతకాలి, దొర పొలంలో పని అయ్యాకే సొంత పొలం. దొర ఎదురైతే చెప్పులు చేతబట్టి “బాంచెన్ దొరా, నీ కాల్మొక్త” అనాలి. బాంచ అంటే బానిస. నేను నీ బానిసను అని రోజుకు పదిసార్లు చెప్పించుకున్నవాడు నోరు విప్పి ‘నేనే మీ మహోన్నత ప్రభువును’ అని ఫిరౌన్‌లా (79:24) ప్రకటించుకోనక్కరలేదు. ఊరంతా ఆ మాట అతని తరఫున చెబుతూనే ఉంటుంది.

మా ఊరి నుంచి రైలు మార్గం వెంట ఆలేరు దాటితే జనగామ వస్తుంది. అప్పట్లో అది నల్లగొండ జిల్లాలోని తాలూకా. ఆ తాలూకాలోని విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద 40,000 ఎకరాలు ఉండేవని ఉద్యమ చరిత్ర రాసినవారు చెప్పారు. ఆ ప్రాంతంలోనే కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద ముస్లిం రైతు ఉండేవాడు. అన్నదమ్ముల భూమి తగాదాలో దేశ్‌ముఖ్ జొరబడి తన మాటే చెల్లాలన్నాడు. బందగీ వినలేదు. గడీకి పోవలసిన తగాదాను కోర్టుకు తీసుకుపోయాడు. ఏళ్ళ తరబడి తిరిగి, గెలిచాడు. 1940 ప్రాంతాల్లో దేశ్‌ముఖ్ మనుషులు ఆయనను చంపారు. ‘మా భూమి’ నాటకానికి ఆయన కథే ప్రేరణ అంటారు. కామారెడ్డిగూడెంలో రోడ్డు పక్కన ఆయన సమాధి నేటికీ ఉంది. ఉర్దూ తెలిసినవారు ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. బందగీ అంటే దాస్యం, ఆరాధన. అల్లాహ్‌కు తప్ప మరెవరికీ చెల్లనిది. ఆ పేరు పెట్టుకున్న మనిషి ‘బాంచెన్’ అనకుండా చనిపోయాడు.

ఇక్కడ ఒక మాట దాచుకోకుండా చెప్పుకోవాలి. గడీలో కూర్చున్నవాడు ముస్లిం కాకపోవచ్చు, కానీ ఆ గడీకి అండగా నిలిచిన రాజ్యం మన పేర్లు గలవారిదే. బందగీ ముస్లిం, ఆయనకు న్యాయం దొరకని రాజ్యం కూడా ముస్లిం పాలకునిదే. 1948 ఆగస్టులో, రజాకార్ల దౌర్జన్యాన్ని ‘ఇమ్రోజ్’ పత్రికలో ఖండించినందుకు సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదు వీధిలో నరికి చంపారు. చంపినవారూ కలిమా చదివినవారే. ఫిరౌన్ కథ వినేటప్పుడు మనం ఎప్పుడూ మూసా (అలైహి) గుంపులోనే నిలబడి వింటాం. ఆ చోటు మనకు వారసత్వంగా రాసి ఇచ్చినది కాదు. ఇది రాస్తే నొచ్చుకునే పెద్దలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారని తెలిసే రాస్తున్నాను.

ఇక మా అమ్మాయి ప్రశ్న. ఇన్ని చూశాక కూడా ఎందుకు నమ్మలేదు?

నిర్గమకాండంలో పది తెగుళ్ళు వరుసగా వస్తాయి: నెత్తురు, కప్పలు, పేలు, ఈగలు, పశువుల చావు, పుండ్లు, వడగండ్లు, మిడతలు, చీకటి, చివరకు తొలిచూలు సంతానపు మరణం. ఖుర్ఆన్ తుఫాను, మిడతలు, పేలు, కప్పలు, నెత్తురు అని అయిదింటిని ఒక చోట పేర్కొని (7:133), మూసా (అలైహి)కు తొమ్మిది స్పష్టమైన సూచనలు ఇచ్చామని మరో చోట చెబుతుంది (17:101). చిన్నప్పటి నుంచీ ఈ జాబితానే విన్నాను. కానీ ఈసారి నా కన్ను తెగుళ్ళ మీద కాక, వాటి మధ్య ఖాళీల మీద పడింది. ఒక తెగులు తొలగి మరొకటి వచ్చేలోగా ఫిరౌన్ ఏమి చేస్తున్నాడు? బేరం ఆడుతున్నాడు.

కప్పల తెగులు చూడండి. పడక గదిలో, మంచం మీద, పొయ్యిలో, పిండి పిసికే తొట్టిలో కప్పలు. ఫిరౌన్ మూసా (అలైహి)ను పిలిపించి, నీ దేవుణ్ణి ప్రార్థించు, ఇవి పోతే నీ జనాన్ని పంపుతాను అన్నాడు. ఎప్పుడు ప్రార్థించమంటావు, గడువు నువ్వే చెప్పు అన్నారు మూసా (అలైహి). ఏ మనిషైనా ఇప్పుడే అంటాడు. ఫిరౌన్ రేపు అన్నాడు.

ఇంకో రాత్రి కప్పల మధ్య పడుకోవడానికి సిద్ధమే గానీ, ఈ క్షణాన తల వంచడానికి సిద్ధం కాలేదు. బహుశా తెల్లారేసరికి అవే పోతాయేమో, అప్పుడు ఎవరికీ ఋణపడనక్కరలేదని ఆశపడ్డాడేమో. మరునాడు మూసా (అలైహి) ప్రార్థించారు, కప్పలు చచ్చాయి, కుప్పలు పడ్డాయి, దేశం కంపు కొట్టింది. ఊపిరి సలిపిందని తెలియగానే ఫిరౌన్ మాట తప్పాడు. కష్టంలో కాదు, ఊరట దొరికిన గంటలోనే అతని హృదయం గట్టిపడింది.

ఆ తరువాతి బేరాలు మన అంగళ్ళలో వినిపించే బేరాల్లాగే ఉంటాయి. ఈగలు ముసిరినప్పుడు, ఆరాధన చేసుకోండి, కానీ ఈ దేశంలోనే అన్నాడు. తరువాత, సరే వెళ్ళండి, ఎక్కువ దూరం పోకండి అన్నాడు. వడగండ్లు పడ్డప్పుడు ఈసారి పాపం చేశాను అని ఒప్పుకున్నాడు, మబ్బు విడగానే ఆ ఒప్పుకోలూ విడిపోయింది. మిడతల సంగతి వినగానే అతని కొలువువారే, దేశం నాశనమైపోయింది, ఇంకా తెలియడం లేదా అని అడిగారు. అప్పుడు, మగవాళ్ళు మాత్రమే వెళ్ళండి అన్నాడు. మూడు రోజుల చీకటి తరువాత, పిల్లలనూ తీసుకుపోండి, పశువులను మాత్రం వదిలిపోండి అన్నాడు. ప్రతిసారీ కొంచెం ఇస్తాడు, పగ్గం కొస మాత్రం తన చేతిలోనే ఉంచుకుంటాడు. ఖుర్ఆన్ ఈ తంతునంతా రెండు వాక్యాల్లో చెప్పేసింది. ఆపద పడ్డప్పుడల్లా ప్రార్థించమని వేడుకునేవారు, నమ్ముతామనీ పంపుతామనీ మాట ఇచ్చేవారు, ఒక గడువు వరకు దాన్ని తొలగించగానే మాట తప్పేవారు (7:134, 135).

అందుకే, నమ్మలేదు అన్న మాటే సరికాదేమో అనిపించింది. నమ్మనివాడు ప్రార్థించమని ఎందుకు అడుగుతాడు? ‘నమ్ల్’ సూరాలో అల్లాహ్ దీన్ని స్పష్టం చేశాడు. ఆ సూచనలు నిజమని వారి మనసులకు రూఢి అయింది, అయినా జుల్మ్ వల్లా, తామే పైన ఉండాలన్న గర్వం వల్లా వాటిని తిరస్కరించారు (27:14). ఫిరౌన్‌కు తెలుసు. తెలియక చెడలేదు.

మన చదువుకున్న యువకులు అడిగే ఒక ప్రశ్న ఇక్కడ వస్తుంది. దేవుడే ఫిరౌన్ హృదయాన్ని కఠినం చేశాడని నిర్గమకాండం చెబుతోంది కదా, మరి అతని తప్పేముంది? న్యాయమైన ప్రశ్నే. ఆ గ్రంథంలో హృదయం గట్టిపడటం గురించి సుమారు ఇరవై చోట్ల ఉంది. అలా జరుగుతుందని దేవుడు మూసా (అలైహి)కు ముందే తెలిపినట్టూ ఉంది. కానీ తెగుళ్ళు మొదలయ్యాక వరుస చూస్తే, మొదటి అయిదింటి దాకా ఫిరౌనే తన హృదయాన్ని బిగించుకున్నాడనో, అది బిగుసుకుందనో ఉంటుంది. దేవుడు దాన్ని కఠినం చేశాడన్న మాట ఆరవ తెగులు దగ్గర గానీ రాదు. అక్కడ వాడిన హీబ్రూ మాటల్లో ఒకదానికి ‘బరువెక్కడం’ అని అర్థం. చనిపోయినవాని హృదయాన్ని త్రాసులో ఈకతో తూస్తారని నమ్మిన దేశంలో, రాజుగారి హృదయం బరువెక్కిందని చెప్పడంలో ఒక చురక ఉందని కొందరు పండితులు అంటారు. ఖుర్ఆన్ కూడా ఆ క్రమాన్నే చెబుతుంది. వారు వంకరపోయినప్పుడు అల్లాహ్ వారి హృదయాలను వంకర చేశాడు (61:5). గర్విష్ఠుడైన ప్రతి నిరంకుశుని హృదయంపై ముద్ర పడుతుంది (40:35). ముద్ర ముందు, గర్వం తరువాత కాదు. పైగా మూసా, హారూన్‌లను పంపేటప్పుడు అతనితో మెత్తగా మాట్లాడండి, బుద్ధి తెచ్చుకుంటాడేమో అని చెప్పి పంపాడు అల్లాహ్ (20:44). తలుపు మూసేయదలచినవాడు ఆ మాట చెప్పడు.

రెండు గ్రంథాలూ విడిపోయే చోటు ఒకటుంది, అది ఇల్లాళ్ళు గమనించదగినది. నిర్గమకాండంలో మాంత్రికులు మూడవ తెగులు దగ్గర ఓడిపోయి, ఇది దేవుని పని అని రాజుకు చెప్పి తప్పుకుంటారు. ఖుర్ఆన్‌లో వారు సజ్దాలో పడిపోతారు. కాళ్ళూ చేతులూ నరికిస్తానన్నా వెనక్కి తగ్గరు (20:70-73). నిర్గమకాండంలో పసివాడైన మూసాను నీటిలోంచి తీసేది ఫిరౌన్ కూతురు. ఖుర్ఆన్‌లో ఆ బిడ్డను చంపవద్దని అడ్డుపడేది అతని భార్య. ఆమె పేరు ఆసియా అని హదీసుల్లో ఉంది. ఈ భవనం వద్దు, స్వర్గంలో నీ దగ్గర ఒక ఇల్లు కట్టిపెట్టు అని ప్రభువును వేడుకున్న స్త్రీ ఆమె (66:11). ఫిరౌన్ కుటుంబంలోనే విశ్వాసాన్ని దాచుకుని బతికి, సమయం వచ్చినప్పుడు నిండు దర్బారులో నోరు విప్పిన పురుషుడు మరొకరు (40:28). మగ శిశువులను చంపమంటే చంపని ఇద్దరు మంత్రసానుల పేర్లు నిర్గమకాండం జాగ్రత్తగా రాసిపెట్టింది: షిఫ్రా, పువా. చక్రవర్తి పేరు రాయని గ్రంథం అది. ఇన్ని సూచనలను తోసిపుచ్చిన మనిషి పక్కనే, అదే కప్పు కింద, ఒక స్త్రీకి ఆ సూచనలు చాలాయి.

ఆ రాత్రి ఇంత చదివి, రేపు అన్న మాట దగ్గరికి మళ్ళీ వచ్చాను. మా వీధి కిరాణా కొట్లో ‘అప్పు రేపు’ అని ఒక బోర్డు ఉంటుంది. పిల్లలు దాన్ని చూసి నవ్వుతారు, ఆ రేపు ఎప్పటికీ రాదని వాళ్ళకూ తెలుసు. నాకు నవ్వు రాలేదు.

అయిదు నెలల క్రితం మేము ఇంటి మీద ఒక గది వేశాం. గుట్ట పెద్ద కోవెలగా మారి 2022లో తెరిచినప్పటి నుంచీ ఈ ఊళ్ళో అందరూ ఏదో ఒకటి కడుతూనే ఉన్నారు, మేమూ కట్టాం. మా జిల్లాలోని బట్టీల నుంచే ఇటుక వచ్చింది. ఆ బట్టీల్లో ఒడిశా నుంచి ముందే బయానా తీసుకుని వచ్చిన కుటుంబాలు పనిచేస్తాయి. పిల్లలు కూడా ఇటుకలు తిప్పుతూ కనిపిస్తారు. లారీ దిగిన రోజు నేను ఇటుకలు లెక్క పెట్టాను గానీ అవి ఎవరు చేశారని అడగలేదు. గోడ కట్టిన మేస్త్రీకి చివరి వాయిదా 6,000 రూపాయలు మిగిలింది. డబ్బు ఇంట్లోనే ఉంది. వేరే ఖర్చుకని పక్కన పెట్టుకున్నాను. ఆయన వచ్చినప్పుడల్లా “రేపు రా మేస్త్రీ” అన్నాను. “సరే సాబ్” అని వెళ్ళేవాడు. నాలుగోసారి వచ్చినప్పుడు కాసేపు మెట్ల మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళాడు. ఆ తరువాత రావడం మానేశాడు. ఆయన రాకపోవడం నాకు ఊరటగానే అనిపించింది, నిజం చెప్పాలి.

ఇవ్వగల స్తోమత ఉండీ వాయిదా వేయడం జుల్మ్ అని మహాప్రవక్త (సఅసం) అన్నారు. జుల్మ్, ఫిరౌన్ విషయంలో ‘నమ్ల్’ సూరా వాడిన మాటే.

తెల్లవారి ఫజ్ర్ తరువాత ఆయన ఇంటికి వెళ్ళాను. వాకిట్లో సైకిలు తుడుస్తున్నాడు. డబ్బు చేతిలో పెట్టి, ఆలస్యమైంది, క్షమించమన్నాను. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి నిలబడింది. పిల్లవాడి ఫీజుకు మూడు రూపాయల మిత్తికి ఆరు వేలు తెచ్చామని, అయిదు నెలలయిందని ఆమె నాతో కాదు, గోడతో చెబుతున్నట్టు చెప్పింది. లెక్క కట్టాను. నెలకు నూట ఎనభై, అయిదు నెలలకు తొమ్మిది వందలు. వడ్డీని హరామ్ అని జుమా ప్రసంగాల్లో వింటూ, ఇంట్లో పిల్లలకు చెబుతూ, ఒక మనిషిని దాని దగ్గరికి నేనే నడిపించాను. జేబులోంచి ఆ తొమ్మిది వందలు కూడా తీసి ఇచ్చాను. ఆయన వద్దనలేదు. రెండుసార్లు లెక్కపెట్టుకుని భార్య చేతికిచ్చాడు.

ఆషూరా నాడు మా అమ్మాయి మొదటిసారి పూర్తి రోజా ఉంటానని పట్టుబట్టింది. మన పల్లెల్లో మొహర్రం పదో రోజు అంటే పీర్లు, నిప్పుల గుండం అనుకుంటారు. ఆ రోజా ఎందుకో తెలిసిన ఇళ్ళు తక్కువ. మహాప్రవక్త (సఅసం) మదీనా వచ్చినప్పుడు యూదులు ఆ రోజున ఉపవాసం ఉండటం చూసి కారణం అడిగారు. ఫిరౌన్ బారి నుంచి అల్లాహ్ మూసాను కాపాడిన రోజు ఇది అన్నారు వాళ్ళు. మూసాకు మీకన్నా మేము ఎక్కువ దగ్గర అని చెప్పి ఆయన ఉపవాసం పాటించారు, అనుచరులనూ పాటించమన్నారు. మరుసటి ఏడు బతికి ఉంటే తొమ్మిదో రోజూ ఉంటానన్నారు. అందుకే మేము ముందు రోజు కూడా ఉన్నాం.

అసర్ తరువాత, ఖర్జూరాలు పళ్ళెంలో సర్దుతూ, ఆ పిల్ల నేను బాకీ పడ్డ జవాబు అడిగింది. “రేపు చెప్తా అని నాలుగు రోజులయింది అబ్బా.” చెప్పాను. కప్పల సంగతి, బేరాల సంగతి, సముద్రం సంగతి. నీళ్ళు గొంతుదాకా వచ్చినప్పుడు, ఇస్రాయీల్ సంతతి నమ్మిన దేవుణ్ణి నేనూ నమ్మాను అన్నాడని, ఇప్పుడా అని అతనికి జవాబు వచ్చిందని (10:90, 91) చెప్పాను. మేస్త్రీ సంగతి కూడా చెప్పాను. దాచుకోవాలనుకున్నాను గానీ, మెట్ల మీద కూర్చున్న ఆయనకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది ఆ పిల్లే.

“అంటే ఫిరౌన్‌కు తెలుసా అబ్బా?”

“తెలుసు.”

“మొదటి నుంచీనా?”

“కప్పలప్పటికే తెలిసి ఉంటుంది.”

కొంచెం సేపు ఆలోచించింది. “మరి రేపు నేను బడిలో అదే చెప్తా” అంది. అని, తనే నాలుక కరుచుకుని, గోడ అవతలి ఇంటి వైపు చూసి, “లేదు, మగ్రిబ్ కాగానే పోయి చెప్పొస్తా” అంది. మసీదు మైకులో గరగర వినిపించింది. ఖర్జూరం చేతిలోకి తీసుకుంది.